ఒంటి ట్రాన్సిస్టర్ రేడియో పలకకపోతే

మన బడి సైన్స్ ఎగ్జిబిషన్ బల్ల మీద ఒంటి ట్రాన్సిస్టర్ రేడియో ఉండేది. పలకనివీ ఉండేవి. చాలావాటిలో తప్పు సర్క్యూట్‌ది కాదు, తీగ సరిగ్గా ఆనకపోవడం.

అసలు ట్రాన్సిస్టర్ పుట్టిందే ఆ ఆనడంలో. 1947 డిసెంబరులో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, జాన్ బార్డీన్‌తో కలిసి పనిచేస్తున్న వాల్టర్ బ్రాటెయిన్ ముక్కోణపు ప్లాస్టిక్ ముక్క అంచున బంగారు రేకు అతికించి, దాని కొసను బ్లేడుతో చీల్చారు. చీలికకు అటూ ఇటూ ఉన్న కొసల్ని స్ప్రింగుతో జెర్మేనియం అనే అర్ధవాహకపు పలకకు నొక్కితే సిగ్నల్ పెద్దదై వచ్చింది. అంత సుకుమారమైన అమరిక జనం చేతుల్లో నిలిచేది కాదు. అదే ల్యాబ్స్‌లోని విలియం షాక్లీ ఆలోచించిన జంక్షన్ రకంతోనే (తీగ కొసలు నొక్కే పని లేకుండా, పొరలు కలిసిన ఒకే పలుకు) ట్రాన్సిస్టర్ హాబీవాళ్ల సరుకైంది. 1953లో అమెరికాలో సీకే722 అనే అలాంటి ట్రాన్సిస్టర్ అమ్మకానికొచ్చింది. మన బల్ల మీదిది ఏసీ128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్. దాని మూడు కాళ్లు ఎమిటర్, బేస్, కలెక్టర్.

సెట్టుకు కావలసినవి కొద్దే. నాలుగంగుళాల ఫెర్రైట్ కడ్డీ మీద 26 గేజి ఎనామిల్ తీగ 65 చుట్లు, కింది (గ్రౌండు) కొస నుంచి పదిహేనో చుట్టు దగ్గర ట్యాపు, అంటే మధ్యలో తీసే కొస. కాయిల్‌కు అడ్డంగా 500 పికో ఫారడ్ గ్యాంగు, అంటే స్టేషన్ కోసం తిప్పే కండెన్సర్. ఓఏ79 డయోడు ట్యాపుకు కలపాలి. కాయిల్ పైకొసకు కలిపితే స్టేషన్లు ఒకదానిమీదొకటి పడతాయి. డయోడు తరవాత 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.01 మైక్రో ఫారడ్ కండెన్సర్, రెండూ గ్రౌండుకు. అక్కణ్ణుంచి 10 మైక్రో ఫారడ్ కండెన్సర్ మీదుగా బేస్‌కు. కలెక్టర్ నుంచి బేస్‌కు 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్. కలెక్టర్‌కూ బ్యాటరీ మైనస్‌కూ నడుమ 2000 ఓమ్‌ల హెడ్‌ఫోను. రెండు సెల్లులు, 3 వోల్టులు.

ఏసీ128 పీఎన్‌పీ (ఎమిటర్‌కు ప్లస్, కలెక్టర్‌కు మైనస్ కావలసిన రకం) కాబట్టి ఎమిటర్, గ్రౌండు బ్యాటరీ ప్లస్‌కు వెళ్తాయి. 10 మైక్రో ఫారడ్ ప్లస్ కాలు డయోడు వైపు ఉండాలి. ఎర్ర చుక్క ఉన్న కాలు కలెక్టర్. సోల్డర్‌తో అతికేటప్పుడు కాలిని ముక్కు పటకారుతో పట్టుకోండి, జెర్మేనియం వేడికి ఓర్వదు.

పలకకపోతే మొదట కాయిల్ కొసలు చూడండి. ఎనామిల్ బ్లేడుతో గీకి, రాగి మెరిశాకే సోల్డర్ పట్టాలి. పైపైన ముద్దగా నిలిచిన సోల్డర్‌ను నమ్మొద్దు. తరవాత బ్యాటరీకి సిరీస్‌లో మిల్లీ ఆంపియర్ మీటరు పెట్టండి. అర నుంచి ఒక మిల్లీ ఆంపియర్ లోపు ఉంటే ట్రాన్సిస్టర్ బాగున్నట్టే. ఒకటిన్నర దాకా పోతే లోపల షార్ట్ లేదా లీకు. ముల్లు కదలకపోతే ఎక్కడో తెగింది. విడిగా ట్రాన్సిస్టర్ పరీక్షించేటప్పుడు ఒక చిక్కు: పాత ముల్లు మీటర్లలో ఓమ్‌ల రేంజిలో నల్ల తీగకే లోపలి బ్యాటరీ ప్లస్ వస్తుంది. అది తెలియక మంచి ట్రాన్సిస్టర్ పారేసినవాళ్లున్నారు.

ఇప్పటి మొబైల్ ఇయర్‌ఫోను 32 ఓమ్‌లది, నేరుగా తగిలిస్తే దాదాపు ఏమీ వినిపించదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నడుమ ఉండాలి. 837 కిలోహెర్ట్జ్ విజయవాడ ఆకాశవాణి కేంద్రం దగ్గర్లో లేనివాళ్లు ముప్పై అడుగుల ఏరియల్, ఇనుప నల్లా గొట్టానికి ఎర్త్ వేసుకోక తప్పదు.

ఏసీ128 బదులు ఓసీ71 వేసిన సెట్టులో ట్యూబ్‌లైటు వెలగగానే గుయ్‌మని హమ్ వస్తే దాని నల్ల రంగు చూడండి. లోపలిది గాజు బుడ్డి. రంగు పెచ్చు ఊడితే వెలుగు దూరి, ట్రాన్సిస్టర్ వెలుగుకు స్పందించే ఫోటోసెల్ అయిపోతుంది. నల్ల టేపు చుడితే హమ్ ఆగుతుంది.