60 దాటితే వణికే స్టీరింగ్

“బ్రిడ్జి అతుకు మీద ఎక్కగానే మొదలవుద్ది అబ్బాయ్. నలభైకి దిగేదాకా వదలదు. ఖాళీ బండితో వచ్చేటప్పుడు మరీ ఎక్కువ.”

మా బాబాయ్ ఫోన్లో చెప్పింది ఇంతే. బాబాయ్ అంటే నాన్న రోజుల నుంచీ మా టెన్ టైర్ లారీ నడుపుతున్న డ్రైవరు. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఎత్తుకుని రాజమండ్రి దాకా వెళ్లొస్తుంటారు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన, రావులపాలెం దాటాక గౌతమి వంతెన, ఆ రెండు చోట్లా స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఊగుతోందని ఆయన బాధ. అనుభవం ఉన్న డ్రైవరు అలా చెప్పాడంటే జబ్బు సగం తెలిసిపోయినట్టే. ఏ స్పీడులో వస్తోంది, దేని మీద ఎక్కితే మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది, లోడుతోనా ఖాళీగానా, బ్రేకు మీద కాలు ఉందా లేదా. ఈ ప్రశ్నలు అడక్కుండా బండిని పిట్ మీద ఎక్కించే మెకానిక్ దగ్గరికి నేను వెళ్లను.

ఎందుకంటే మొదట చూపించిన షాపులో విన్నది ఒక్క మాట: “బ్యాలెన్సింగ్ చేయించండి, పోతుంది.” చేయించాం. నున్నటి రోడ్డు మీద ఉండే సన్నటి జివ్వు తగ్గింది. వంతెన అతుకు మీద వచ్చే అసలు వణుకు అలాగే ఉంది.

ఈ రెండూ వేరు వేరు వణుకులు. ఆ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది డబ్బు పోసుకుంటున్నారు.

చక్రం బ్యాలెన్సు తప్పితే వచ్చే వణుకు చక్రం తిరుగుడుతో పాటే వస్తుంది. టెన్ ట్వంటీ (10.00-20) సైజు లారీ టైరు చుట్టుకొలత సుమారు 3.3 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 5 సార్లు తిరుగుతుంది, 72 దగ్గర 6 సార్లు. ఆ వణుకు ఒక స్పీడులో మొదలై, ఇంకో స్పీడులో పెరిగి, దాన్ని దాటితే తగ్గుతుంది. రోడ్డు నున్నగా ఉన్నా ఉంటుంది. దానికి గుంత అక్కర్లేదు.

రెండోది అలా కాదు. అప్పటిదాకా బండి బుద్ధిగా పోతూ ఉంటుంది. ఒక్క అతుకు, ఒక్క గుంత తగిలితే చాలు, రెండు ముందు చక్రాలూ కలిసి ఎడమకూ కుడికీ కొట్టుకోవడం మొదలెడతాయి. స్పీడు బాగా తగ్గిస్తే తప్ప ఆగవు. ఇది బ్యాలెన్సింగ్ మెషీన్‌తో పోయేది కాదు. ముందు భాగంలో ఎక్కడో లూజు ఉంది.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డ్రమ్ములు చూడాలి, గుండ్రం తప్పి ఉంటాయి. స్టీరింగ్ కాకుండా సీటు, ఫ్లోరు అదిరితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, సెంటర్ బేరింగ్ వైపు వెళ్లాలి. అవి ఇక్కడ నా విషయం కాదు.

ముందు యాక్సిల్ ఒకే ఇనుప దూలం కావడం వల్లే లారీకి ఈ ఊపు వస్తుంది. కారులో ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రానికి పెద్దగా పట్టదు. లారీలో ఎడమ చక్రం లేస్తే దూలం మొత్తం ఒరుగుతుంది, దాంతో రెండు చక్రాలూ ఒరుగుతాయి. గిర్రున తిరిగే బొంగరాన్ని పక్కకు వంచబోతే అది మనం నెట్టిన వైపు పోకుండా ఇంకో దిక్కుకు తిరుగుతుంది. వేగంగా తిరిగే చక్రమూ అంతే. దాన్ని ఒరిగిస్తే స్టీరింగ్ తిప్పినట్టు పక్కకు తిరగబోతుంది. టై రాడ్ రెండు చక్రాలనూ కలిపి ఉంచుతుంది కాబట్టి రెండూ ఒకేసారి ఊగుతాయి. జాయింట్లు బిగువుగా ఉంటే ఆ ఊపు ఒకటి రెండు సార్లలో చచ్చిపోతుంది. సందు ఉంటే ఒక ఊపు తర్వాతి ఊపుకు బలమిస్తుంది.

1920లలో కార్లకూ ముందు ఇలాంటి దూలమే ఉండేది. తక్కువ గాలితో నడిచే లావు టైర్లు, ముందు చక్రాలకు బ్రేకులు వచ్చాక ఈ ఊపు ఇంజనీర్లను బాగా ఏడిపించింది. 1934 మోడళ్లలో అమెరికా కార్లకు ముందు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్ రావడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. లారీలకు మాత్రం బరువు మోయడానికి దూలమే నమ్మకం, అందుకే అది ఇప్పటికీ ఉంది. అమెరికాలో ముందు దూలం ఉన్న పికప్‌లు, జీపులు నడిపేవాళ్లు ఈ ఊపును ‘డెత్ వాబుల్’ అంటారు. కాయిల్ స్ప్రింగులున్న వాళ్ల బండ్లలో యాక్సిల్ పక్కకు జరగకుండా ట్రాక్ బార్ అని ఒకటి ఉంటుంది, వాళ్లు మొదట అనుమానించేది దాని బుష్‌నే (జాయింటు లోపల అరిగే గొట్టం లాంటి ముక్క). మన లారీల్లో ఆ పని చేసేవి కమాన్ కట్టలు (పట్టీలు పేర్చిన స్ప్రింగులు), వాటిని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు, చాసిస్‌కి కలిపే షాకిల్ పిన్నులు. కాబట్టి అక్కడి వీడియో చూసి ఇక్కడ పానా పట్టుకుంటే కుదరదు.

ఆటోనగర్లో మాకు దొరికిన రెండో మేస్త్రి గారు ఏ పార్టూ విప్పకముందే చేసిన పనులు చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది. మొదట టైర్లు చూశారు. గాలి రెండు వైపులా సమానంగా ఉందా అని గేజ్ పెట్టారు. మా రేడియల్ టైర్లకి ముందు చక్రాల్లో 120 పీఎస్ఐ గాలి పెడతాం. తర్వాత రిమ్ము అంచు పక్కన టైరు మీద చుట్టూ ఉండే సన్నటి గీత చూపించారు. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటే టైరు రిమ్ములో సరిగ్గా కూర్చోలేదన్నమాట. ట్యూబు టైర్లకు, రింగు రిమ్ములకు ఇది తరచూ జరుగుతుంది. చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పి, టైరుకు దగ్గరగా సుద్దముక్క కదలకుండా పట్టుకున్నారు. సందు పెరిగి తరుగుతుంటే చక్రం వంకరో, టైరు లోపలి పొర విడిపోయి ఉబ్బిందో అర్థం. డ్రమ్ముకూ డిస్కుకూ మధ్య తుప్పు, పెయింటు పేరుకున్నా, నట్లు ఎదురెదురుగా కాకుండా వరసగా బిగించినా చక్రం వంకరగా కూర్చుంటుంది. మా టైర్లలో ఏ లోపమూ లేదు. అయినా అనుమానం ఉంటే పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. వెనక ఉన్న మంచి టైర్లు రెండు ముందుకు మార్చి నడిపి చూడండి. వణుకు మారితే తప్పు టైరుది, మారకపోతే టైరుది కాదు.

తర్వాతి పరీక్ష ప్రతి ఓనరూ నేర్చుకోవాలి. ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు వేశారు. టైరు కింద గడ్డపార పెట్టి పైకీ కిందికీ ఊపారు. ఎడమ చక్రంలో టక్ టక్‌మని సందు కనిపించింది. అప్పుడు క్లీనర్‌ని బ్రేకు తొక్కి పట్టుకోమన్నారు. బ్రేకు పడితే చక్రమూ, అది ఎక్కి తిరిగే స్టబ్ యాక్సిలూ ఒకటైపోతాయి. సందు మాయమైతే అది హబ్ బేరింగ్ లూజు. అలాగే ఉంటే కింగ్ పిన్, అంటే స్టబ్ యాక్సిల్‌ని దూలం చివర పట్టుకుని అటూ ఇటూ తిరగనిచ్చే నిలువు పిన్ను. మా బండిలో అలాగే ఉంది. దగ్గరగా లైటు వేసి చూస్తే కింది బుష్ దగ్గర స్టబ్ యాక్సిల్ యాక్సిల్ మీద కదలడం కంటికే తెలిసింది.

అక్కడితో ఆగిపోయే మెకానిక్కులు ఉంటారు. మేస్త్రి గారు ఆగలేదు. బండిని కిందికి దించి, బరువంతా చక్రాల మీద ఉండగా ఇంజను ఆన్ చేయించి, బాబాయ్‌ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టారు. “కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పు. చక్రం తిరగక్కర్లా, స్టీరింగ్ కదిలితే చాలు.” ఆయన కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యేసి చూశారు. స్టీరింగ్ బాక్సు చాసిస్‌కి బిగించిన బోల్టులు, బాక్సు నుంచి కదలికను చక్రానికి చేర్చే డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ ఎండ్లు. కన్ను పట్టని సందు చేతికి తెలుస్తుంది. కుడి వైపు టై రాడ్ ఎండ్‌లో బాల్ ముందు కదిలి, రాడ్డు ఆ తర్వాత కదులుతోంది. ఈ పరీక్ష చక్రం గాల్లో ఉండగా చేస్తే సగం లూజులు దొరకవు, ఎందుకంటే అక్కడ ఎదురొత్తే బరువు ఉండదు.

ఖాళీ బండికి ఎక్కువ ఎందుకని అడిగాను. లోడు ఉన్నప్పుడు ఆ బరువుకి కింగ్ పిన్ గట్టిగా నొక్కుకుని ఉంటుంది, ఆ రాపిడే ఊపుకు బ్రేకు వేస్తుంది. ఖాళీగా ఉంటే ఆ రాపిడి తగ్గి చక్రం తేలిగ్గా ఊగుతుంది. బాబాయ్ ఫోన్లో చెప్పిన మాట అక్కడ అతికినట్టు సరిపోయింది.

ఈలోపు పక్క షెడ్డులో ఒకాయన సలహా ఇచ్చాడు, స్టీరింగ్ బాక్సు స్క్రూ ఒక చుట్టు బిగిస్తే సరిపోతుందని. దయచేసి ఎవరూ అలా చేయకండి. అది అరిగిన జాయింటును బాగుచేయదు. పైగా బాక్సు బిగుసుకుని, మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాకుండా పోతుంది. ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ ఉండే బండ్లకు కొత్త డ్యాంపర్ వేయడం కూడా ఇలాంటిదే. వణుకు కొన్నాళ్లు దాక్కుంటుంది, లోపల అరుగుదల పెరుగుతూనే ఉంటుంది.

ఇంకో సలహా యాక్సిల్‌కీ కమాన్ కట్టకీ మధ్య ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉండే చీలిక ప్లేటు వేసి కాస్టర్ పెంచమని. కాస్టర్ అంటే కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలి ఉండే కోణం. అది తక్కువైతే బండి దారి పట్టుకోదు, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. అలాగని ఎక్కువైతే మంచిది అనుకోవద్దు, మరీ ఎక్కువైనా ఈ ఊపు పెరుగుతుంది. మన దగ్గర కాస్టర్ మారిపోయే మామూలు కారణం వెనక కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు ఎక్కించడం. వెనక ఎత్తు పెరిగితే బండి ముందుకు వాలుతుంది. మా బండి పొడవుకి వెనక రెండు అంగుళాలు లేస్తే ముందు అర డిగ్రీకి పైగా కాస్టర్ పోతుంది. ముందు లూజులన్నీ తీసేసి, కొలిచి, కంపెనీ చెప్పిన లెక్కకు తేడా ఉంటేనే ఆ ప్లేటు జోలికి వెళ్లాలి.

కింగ్ పిన్ కిట్టు రెండు వైపులా మార్చాం. ఒక వైపే చాలన్న ఆలోచన నాకు నచ్చదు, రెండూ ఒకే రోడ్డు మీద అరిగినవి. ఇక్కడ పనితనం అంతా బుష్ రీమింగ్‌లో, అంటే బుష్ లోపలి రంధ్రాన్ని పిన్ను కొలతకు కోయడంలో ఉంది. పై బుష్, కింది బుష్ ఒకే వరసలో ఉండేలా పొడుగు రీమర్‌తో ఒకేసారి కోయాలి. విడివిడిగా కోస్తే పిన్ను బిగుసుకుంటుంది, లేదా మళ్లీ లూజుగానే ఉంటుంది. దూలం బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ కొత్తది వేసి, పైన షిమ్ముతో (పలచటి రేకు) సందు సరిచేశారు. హబ్బు ఎక్కించకముందు స్టబ్ యాక్సిల్ చేత్తో నెమ్మదిగా తిరిగింది, ఎక్కడా పట్టలేదు. టై రాడ్ ఎండ్లు రెండూ కొత్తవి. ముందు షాకబ్జర్లు నూనె కారుతున్నాయి కాబట్టి అవి కూడా మార్చాం.

టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందువైపు ఎంత లోపలికి తిరిగి ఉన్నాయో కొలవడం, అన్నిటికన్నా చివర. జాయింట్లు లూజుగా ఉండగా అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ, మెషీన్ మీద చూపిన కొలత గేటు దాటేలోపే మారిపోతుంది.

ఇక డ్రైవర్లకు. వణుకు వచ్చిన క్షణంలో బ్రేకు మీద దూకకండి. స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి, ఎదురు తిప్పడం వల్ల ఊపు పెరగొచ్చు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, బండిని దానంతట దాన్ని స్పీడు తగ్గనివ్వండి. ఇండికేటర్ వేసి ఎడమకు తీసి ఆపండి. దిగి చక్రం నట్లు, టై రాడ్ ఎండ్ల కాటర్ పిన్నులు, యూ బోల్టులు చూడండి. ఏదైనా లూజుగా కనబడితే లోడు ఎంత అర్జెంటైనా కదలొద్దు. 2015 అక్టోబరు నుంచి కొత్త లారీలకు 80 దగ్గర స్పీడ్ గవర్నర్ ఉంటోంది. అంటే హైవే మీద మన పనంతా జరిగేది 60కీ 80కీ మధ్యే, సరిగ్గా ఈ వణుకు వచ్చే చోటే. “కొంచెం మెల్లగా పోనీ” అని డ్రైవరుకు చెప్పి బండి పంపే ఓనరు మీద నాకు కోపం వస్తుంది. ఎదురుగా వచ్చే బైకు మీద ఎవరో ఒకరి పిల్లలు ఉంటారు.

కింగ్ పిన్‌కి గ్రీజు కొట్టేటప్పుడు యాక్సిల్‌ని జాకీ మీద లేపి కొట్టండి. చక్రాలు నేల మీద ఉంటే బరువంతా థ్రస్ట్ బేరింగ్ మీదే ఉండి గ్రీజు అక్కడికి చేరదు. కొత్త గ్రీజు పైనా కిందా బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒక నిప్పుల్ మూసుకుపోయి ఉంటే వదిలేయకుండా దాన్ని మార్చండి. మా ఎడమ వైపు కింది నిప్పుల్ మట్టితో పూడిపోయి ఉంది, ఆ బుష్ అరగడానికి అంతకన్నా కారణం వెతకక్కర్లేదు.

ఇప్పుడు రెండు వంతెనల మీదా బాబాయ్ ఒక చేత్తో పట్టుకుని వెళ్తున్నారు. షాకబ్జర్లతో పాటు విప్పి బిగించిన యూ బోల్టులు, లోడుతో కొంత తిరిగాక కాస్త సాగుతాయి. వాటిని టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. వచ్చే ఆదివారం బండి ఖాళీగా దొరుకుతుందన్నారు, ఆ పని అప్పుడు పెట్టుకున్నాం.