రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం నిజం

నాకు ఉన్నట్టుండి ఛాతీ పట్టేసేది, గొంతు బిగుసుకుపోయి నీళ్ళు కూడా దిగవేమో అనిపించేది, ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుందంటే చాలు కడుపులో తిప్పి బాత్రూమ్‌కి పరిగెత్తాల్సిందే. రాత్రిళ్ళు హార్ట్ ఎటాకేమో అని మా ఆయన్ని లేపి ఎమర్జెన్సీకి పోవడం, అక్కడ గంటల తరబడి కూర్చోవడం, ఈసీజీ, గుండె దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎక్స్‌రే అన్నీ చేసి నార్మల్ అని తెల్లారగట్ల ఇంటికి పంపేయడం. తర్వాత ఎకో, ఎండోస్కోపీ కూడా అయ్యాయి, అవీ నార్మలే. ఎక్కువ ఆలోచించకమ్మా, కాస్త గుడికి వెళ్ళిరా అనేది అమ్మ ఫోన్‌లో. నొప్పితో ఉన్న మనిషికి నార్మల్ అన్న మాట ఎంత భయం పుట్టిస్తుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది, లోపల ఏదో ఉంది, వీళ్ళకి దొరకట్లేదు అనే అనుకుంటాం.

మేముండేది కెనడాలో, హాలిఫాక్స్. ఇక్కడ డల్‌హౌసీ యూనివర్సిటీలో డాక్టర్ అలన్ అబ్బాస్ అనే సైకియాట్రిస్ట్ ఉన్నారు, సరిగ్గా నాలాంటి వాళ్ళ మీదే, అంటే నొప్పి ఉండి టెస్టుల్లో ఏమీ దొరకనివాళ్ళ మీద ఆయన టీమ్ చాలా పని చేసింది. 2009లో వచ్చిన వాళ్ళ స్టడీలో ఐఎస్‌టీడీపీ అనే మాటల థెరపీ తీసుకున్నవాళ్ళకి తర్వాతి ఏడాది ఎమర్జెన్సీ విజిట్లు సుమారు 69 శాతం తగ్గాయంట. మా ఫ్యామిలీ డాక్టర్ ఇది చెప్పి ఆ థెరపీ చేసే ఒకావిడ దగ్గరికి పంపారు. ఇంటెన్సివ్ షార్ట్ టర్మ్ డైనమిక్ సైకోథెరపీ అని దాని పూర్తి పేరు. ఇరాన్‌లో పుట్టి మాంట్రియల్‌లో పనిచేసిన హబీబ్ దావన్‌లూ అనే సైకియాట్రిస్ట్ తయారుచేసిన పద్ధతి, పేషెంట్ల పర్మిషన్‌తో సెషన్లు వీడియో తీసి, మనిషిలో మార్పు ఏ క్షణంలో వస్తోందో మళ్ళీ మళ్ళీ చూసి నేర్చుకున్నాడాయన. నా సెషన్లు కూడా సంతకం పెట్టించుకుని రికార్డ్ చేశారు.

మొదటి సిట్టింగే దాదాపు మూడు గంటలు. నా కథంతా వింటారనుకుని వెళ్ళాను, ఆవిడేమో కథ కన్నా నా చేతుల్ని ఎక్కువ చూస్తోంది. ఆందోళన ఒంట్లో మూడు దారుల్లో పోతుందని చెప్పింది. చేతులు బిగుసుకోవడం, పెద్దగా నిట్టూర్పులు రావడం ఒక దారి, అలా ఉంటే మనిషి తట్టుకుంటున్నట్టే. కడుపులో తిప్పడం, లూజ్ మోషన్స్, మైగ్రేన్ రెండోది. తల ఖాళీ అయిపోయి చూపు మసకబారడం మూడోది. నాది ఎక్కువ రెండో దారి కాబట్టి కడుపులో మొదలవగానే ఆగేది, ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పండి అని నెమ్మదిగా అడిగేది, అది సర్దుకున్నాకే మళ్ళీ ముందుకి.

ముందుకి అంటే మా నాన్న దగ్గరికి. 2021 మే నెలలో రాజమండ్రిలో కోవిడ్‌తో పోయారు. ఏప్రిల్ 22 నుంచి ఇండియా ఫ్లైట్లని కెనడా ఆపేసింది, పసిపిల్లాడిని ఇక్కడ వదిలి వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తానో తెలియదు. కోటిలింగాల రేవులో అన్నయ్య చేసిందంతా ఫోన్‌లో చూశాను, మధ్యమధ్యలో సిగ్నల్ పోతూ. నాన్నని ఆక్సిజన్ మీద పెట్టిన సంగతి నాకు చెప్పకుండా దాచారు, చివరి రోజే తెలిసింది.

ఇది చెప్తుంటే ఆవిడ, మీరు నవ్వుతూ చెప్తున్నారు, గమనించారా అంది. అన్నయ్య మీద ఏమనిపిస్తోంది అంది. పాపం వాడొక్కడే అన్నీ చూసుకున్నాడు అన్నాను. అది మీ ఆలోచన, మరి ఫీలింగ్? నాకు చిరాకొచ్చింది, ఆవిడ వదల్లేదు. చూస్తే నా రెండు పిడికిళ్ళూ బిగుసుకుని ఉన్నాయి, పొట్ట దగ్గర నుంచి వేడి పైకి లేచి భుజాల్లోకి, చేతుల్లోకి వచ్చింది, అదే క్షణంలో అన్నాళ్ళ గొంతు బిగువు వదిలేసింది. ఆ కోపం చేతుల్లోంచి బయటికొస్తే ఏం చేస్తుందో ఊహలో చూడమంది. అన్నయ్య కాలర్ పట్టుకుని గోడకేసి ఊపేస్తున్నాను, అలా చూస్తుండగానే ఆ మొహం నాన్న మొహం అయిపోయింది. అక్కడ నేను ఏడ్చినట్టు జీవితంలో ఏడవలేదు. నాన్న మీద కోపమా, అంత ప్రేమగా చూసిన మనిషి మీద? ఉంది. నన్ను రానివ్వకుండా, నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయినందుకు. ఆ ఏడుపు కిందే, ఎండాకాలం సెలవుల్లో సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని రోజ్ మిల్క్ తాగించడానికి తీసుకెళ్ళిన నాన్న కూడా ఉన్నారు, పోయాక అంత దగ్గరగా ఆయన నాకు గుర్తుకు రావడం అదే మొదలు.

ఒక్క సెషన్‌తో అయిపోలేదు, కొన్ని నెలలు పట్టింది, మధ్యలో నొప్పి తిరిగొచ్చింది కూడా. కానీ ఎమర్జెన్సీకి పరిగెత్తే బదులు, ఎవరి మీద ఏం దిగమింగుకున్నానా అని చూసుకోవడం అలవాటైంది. అన్నయ్యతో కూడా నీ మీద నాకు కోపం వచ్చింది రా అని ఫోన్‌లో చెప్పేశాను, నేను ఇక్కడ పీపీఈ కిట్ వేసుకుని ఒక్కడినే నిలబడ్డానే, నీకేం తెలుసు అని వాడూ గట్టిగా అరిచాడు, ఇద్దరం అరుచుకున్నాం, ఆ తర్వాతే మామూలుగా మాట్లాడుకోగలిగాం. ఇప్పుడు వీడియో కాల్‌కి కడుపు తిప్పదు.

ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు గుండె టెస్టులు చేయించుకోండి, అది దాటవేయొద్దు. మందులు వాడుతుంటే సొంతంగా ఆపకండి. ఈ థెరపీ గట్టిగా ఉంటుంది, శిక్షణ తీసుకున్నవాళ్ళ దగ్గరే చేయించుకోవాలి, యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నించేది కాదు. ఇండియాలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే మాత్రం ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో ముందే చెప్పండి, రిపోర్టులన్నీ వెంట పట్టుకెళ్ళండి.