బుట్టలో అన్నీ మగవే

పొద్దున్నే నాయనతో కంది చేలోకి వెళ్లాను. మా పొదిలి వైపు ఇప్పుడు ఎటు చూసినా పసుపు పూతే. పచ్చపురుగుకూ ఇదే అదను. వాసనతో పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరానికి నాలుగు చొప్పున కట్టి నెల కావస్తోంది, లోపలి ఎరలు మార్చాలి.

ఎర అంటే చిన్న రబ్బరు బిళ్ల. కవరు చించి ముక్కు దగ్గర పెట్టుకున్నా. ఏ వాసనా లేదు. కరోనా వచ్చి పోయాక నా ముక్కు సగమే పనిచేస్తోంది, అందుకేనేమో అనుకుని నాయన ముక్కు దగ్గర పెట్టాను. "మనకెందుకు తగులుద్దిరా, మనమేమన్నా పురుగులమా?" అన్నాడు. చుట్ట పట్టుకున్న చేత్తో ముట్టుకోవద్దంటే మాత్రం కాస్త ముఖం మాడ్చుకున్నాడు.

మొదటి బుట్ట సంచిలో పదకొండు రెక్కల పురుగులు. అన్నీ మగవే. రాత్రిపూట ఆడది ఆకు మీద కూర్చుని పొట్ట కొసన ఉండే గ్రంథిని బయటికి చాపి వాసన వదులుతుంది. మగది మీసాలతో దాన్ని పసిగట్టి గాలికి ఎదురు వంకరటింకరగా ఎగురుకుంటూ వస్తుంది. బిళ్లలో ఉన్నది ఆ వాసనకు నకలు. నాకు భలే అనిపించేది పాళ్ల లెక్క. ఆ వాసనలో హెక్సాడెసినాల్ అనే సరుకు రెండు రూపాల్లో ఉంటుంది. పచ్చపురుగుకి అవి 97కి 3. వరిలో కాండం తొలిచే పురుగుదీ అవే రెండు సరుకులు, కానీ 3కి 1. పోపు గింజలు అవే అయినా ఎవరింటి పోపు వాళ్లదే అన్నట్టు, వరి పురుగు మా కంది చేనులో ఆడదాని వైపు కన్నెత్తి చూడదు.

ఇలాంటి వాసనను మొదటిసారి విడదీసింది 1959లో, జర్మనీలో బుటెనాంట్ అనే శాస్త్రవేత్త బృందం. దానికోసం దాదాపు ఐదు లక్షల ఆడ పట్టుపురుగులు కావాల్సి వచ్చాయట. అంత ఓపిక నాకైతే లేదు, నాలుగో బుట్టకే నడుం పట్టేసింది.

"సరే, గుడ్లు పెట్టేది ఆడది గదా. అది బయటే తిరుగుతుంటే మగోళ్లని పట్టి ఏం లాభం?" అన్నాడు నాయన. నిజమే. మిగిలిన ఒక్క మగది చాలు, చాలా ఆడవాటితో జతకడుతుంది. బుట్ట ఎక్కువగా లెక్కకే, ఉధృతి ఎప్పుడు మొదలైందో తెలియడానికి. ఆడదానికి వేరే ఎర ఉంది, అది నాయన వేసిందే: చేను చుట్టూ బంతి. పూసిన బంతి మీద గుడ్లు పెట్టడం దానికి మహా ఇష్టం. ఒక మొగ్గ తిప్పి చూస్తే గసగసాల గింజలో సగం కూడా లేని తెల్ల గుడ్డు, ఒక్కటే. గుడ్లున్న మొగ్గలు తుంచి నలిపేశాం.

సాయంత్రం అమ్మ కరివేపాకు కోస్తూ కేకేసింది. కొమ్మ మీద ఆకుపచ్చ గొంగళి. నిమ్మచెట్టు సీతాకోకచిలుకది. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబం. తల్లి చిలుక ఆకు వాసన పట్టి వచ్చి, ముందుకాళ్లతో ఆకు మీద తట్టి రుచి చూసి మరీ గుడ్డు పెడుతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికొచ్చాయి.

"ఛీ, ఏం కంపురా!" అని అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నాకేం తెలియలేదు. ఇంకా దగ్గరికి వంగి మళ్లీ కదిపాను. కుళ్లిన నిమ్మకాయలా ఏదో పుల్లగా, లీలగా తగిలింది.

"ఇంకోసారి" అన్నాను. అమ్మ పుల్ల లాక్కుంది.