తక్కువ ఖర్చులో ఆఫ్‌రోడ్ బండి: ముందు ఏం కొనాలి, ఏం ఆపుకోవచ్చు

ఫోర్ బై ఫోర్ బండి చేతికి రాగానే చాలామంది పైన లైట్ బార్, రూఫ్ క్యారియర్, ముందు పెద్ద బంపర్ బిగిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇసుకలో కూరుకుపోయిన బండిని వీటిలో ఏ ఒక్కటీ బయటికి తేలేదు. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు వరస మార్చుకోవాలి. నేలను తాకే టైరు, దిగబడితే లాగే సామాను, యాక్సిళ్లలోకి నీళ్లు పోకుండా ఆపే గొట్టాలు ముందు. మిగతావన్నీ తర్వాతే.

అన్నిటికన్నా చవకైన పని టైర్లో గాలి తగ్గించడం. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని బరువును ఎక్కువ చోటికి పంచుతుంది. రోడ్డు మీద 32 పీఎస్ఐతో తిరిగే బండికి రాళ్ల దారిలో 24-26, మెత్తటి ఇసుకలో 16-18తో మొదలుపెట్టొచ్చు. మామూలు రిమ్ములతో 15 కిందికి దిగకండి. మలుపులో టైరు బీడ్, అంటే రిమ్ముకు అతుక్కుని ఉండే అంచు, రిమ్ము మీంచి జారి, ఉన్న గాలంతా ఒక్కసారిగా పోతుంది. తగ్గించిన గాలితో గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు, స్టీరింగ్ గట్టిగా తిప్పకూడదు. టైరు పక్కగోడ వంగేకొద్దీ వేడెక్కుతుంది. అదే గాలితో తారు రోడ్డెక్కి వేగం పెంచితే లోపలి పొరలు విడిపోతాయి. అందుకే గాలి తీయాలనుకున్నవాళ్ల దగ్గర మళ్లీ నింపుకునే సాధనం ఉండి తీరాలి.

గాలి కొలిచే గేజి 0-60 పీఎస్ఐ ఉన్నది తీసుకోండి. గేజి తేడాను సాధారణంగా పూర్తి స్కేలులో శాతంగా చెబుతారు. 150 దాకా చూపించే గేజిలో 2 శాతం అంటే 3 పీఎస్ఐ. 16 దగ్గర ఆ తేడా చాలా పెద్దది. గాలి నింపే కంప్రెసర్ అయితే బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకమే కొనండి. పెద్ద టైర్లు నింపగలిగే కంప్రెసర్ 25-30 ఆంపియర్లు లాగుతుంది, సిగరెట్ లైటర్ సాకెట్టు ఫ్యూజు చాలా బండ్లలో 10-20 మధ్యే ఉంటుంది. నింపుతున్నంతసేపూ ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ఎంతసేపు ఆగకుండా నడపొచ్చో కంప్రెసర్ మీదే రాసుంటుంది, రెండు టైర్ల తర్వాత చల్లారనిస్తే ఎక్కువ కాలం మన్నుతుంది.

లాగే తాడు కొనేముందు దాన్ని తగిలించే చోటు చూడండి. బండి కింద కనిపించే చిన్న కొక్కేల్లో చాలావరకు రవాణాలో బండి కదలకుండా కట్టడానికి పెట్టినవి. దిగబడిన బండిని గుంజేటప్పటి బలానికి అవి ఆగవు. ట్రెయిలర్ తగిలించడానికి వెనక ఉండే గుండు, ట్రెయిలర్ బాల్‌కు తాడు ఎప్పుడూ వేయకండి. అది విరిగితే సాగిన తాడు దాన్ని ఫిరంగి గుండులా విసురుతుంది, ఇలా మనుషుల ప్రాణాలు పోయిన ప్రమాదాలున్నాయి. ఛాసిస్‌కు హైటెన్సైల్ (ఎక్కువ బలానికి ఆగే) బోల్టులతో బిగించిన, ఎంత బలానికి ఆగుతుందో రేటింగు ఉన్న రికవరీ పాయింటు ముందొకటి, వెనకొకటి కావాలి. వెనక ట్రెయిలర్ హిచ్ ఉన్నవాళ్లు బాల్ మౌంట్ తీసేసి ఆ చదరపు గొట్టంలో రేటింగు ఉన్న రికవరీ బ్లాక్ పెట్టుకుంటే తక్కువలో పనైపోతుంది.

సాగుతూ లాగే పట్టీ తాడును స్నాచ్ స్ట్రాప్ అంటారు. అది తెగే బలం, రెండు బండ్లలో తేలికదాని మొత్తం బరువుకు 2-3 రెట్లు ఉండాలి. ఎక్కువైతే ఇంకా మంచిదేగా అనుకోవద్దు. మరీ బలమైన స్ట్రాప్ సాగదు, సాగకపోతే ఆ కుదుపంతా ఛాసిస్ మీద పడుతుంది. తాడును రికవరీ పాయింటుకు కలిపే, పిన్ను ఉన్న ఇనుప కడియం షాకిల్. దాని మీద పనిభారం, అంటే సురక్షితంగా ఆగే బరువు, అచ్చేసి ఉండాలి, 4.75 టన్నుల బో షాకిల్ మామూలుగా వాడేది. అచ్చు లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. పిన్నును చివరిదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలండి. లేకపోతే లాగిన తర్వాత బిగుసుకుపోయి ఊడదు. లాగేటప్పుడు తాడు మధ్యలో బరువైన దుప్పటో తడి గోనెసంచో వేయాలి, చుట్టూ ఎవరూ ఉండకూడదు.

వీటన్నిటికంటే ముందు ఒక పార కొనండి. చక్రాల ముందున్న ఇసుక, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) కింద పేరుకున్న మట్టి తీసేస్తే చాలాసార్లు తాడు అవసరమే రాదు. జాకీ కింద పెట్టడానికి 30 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్కలు, ఒక్కోటి 18 మిల్లీమీటర్ల మందంతో, రెండు కలిపి స్క్రూలు వేసుకోండి. మెత్తటి నేలలో జాకీ దిగిపోకుండా ఇవి చాలు.

ఎవరూ పట్టించుకోనిది, నా దృష్టిలో ఖర్చుకు తగ్గ ఫలితం అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చేది, బ్రీదర్ గొట్టం. యాక్సిల్ హౌసింగ్ మీద వేలెడంత బ్రీదర్ వాల్వు ఉంటుంది. లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు గాలి దాన్లోంచి బయటికి పోతుంది. ఎక్కువ దూరం నడిచిన బండి వాగులో దిగగానే హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, దాంతో వాల్వు లోంచో ఆయిల్ సీలు పక్కనుంచో నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా మారి బేరింగులు పాడవుతాయి. బండి బయటికి మామూలుగానే ఉంటుంది కాబట్టి మోత మొదలయ్యేదాకా ఎవరికీ తెలియదు.

పని కష్టమేం కాదు. వాల్వు చుట్టూ మట్టిని బ్రష్షుతో శుభ్రంగా తుడిచి, వాల్వు విప్పి, అదే మర ఉన్న నిపుల్ బిగించండి. ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టం, లోపలి వ్యాసం 6-8 మిల్లీమీటర్లది, క్లిప్పుతో తగిలించి ఇంజిన్ గదిలో పైకి తీసుకెళ్లండి. చివర చిన్న ఫిల్టరు పెట్టి మూతి కిందికి తిప్పండి. యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు గొట్టం బిగుసుకోకుండా వదులు ఉంచాలి, అందుకని బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగానే పొడవు కొలవండి. సైలెన్సర్ పైపుకీ ప్రొపెల్లర్ షాఫ్టుకీ దూరంగా కట్టండి. గొట్టంలో ఎక్కడా కిందికి వంపు ఉండకూడదు, అక్కడ ఆయిల్ నిలిచి దారి మూసుకుంటుంది. గేర్‌బాక్సుకి, ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకి కూడా ఇలాగే చేసి అన్నిటినీ ఒకేచోటికి చేర్చుకోవచ్చు. ఇది చేయకుండా స్నార్కెల్ బిగించడం సగం పనే, అది ఇంజిన్‌లోకి పోయే గాలిని మాత్రమే పైనుంచి తెస్తుంది.

ఇక లైట్లు. వేస్తే ముందు బంపర్ దగ్గర వేయండి. పైకప్పు మీది లైట్ బార్ వెలుగు బానెట్ మీద, దుమ్ము మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది. రోడ్డు మీద మూత వేసి ఉంచడం తప్పనిసరి చేసిన చోట్లున్నాయి, మీ దగ్గర నిబంధన చూసుకోండి. 120 వాట్ల బార్ 12 ఓల్టులకు 10 ఆంపియర్లు లాగుతుంది. 4 మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు వేస్తే 1.4 ఓల్టులు దార్లోనే పోతాయి, దాదాపు 14 వాట్లు వైరును కాల్చడానికే ఖర్చు. 2.5 వైరు వేస్తే పోయేది 0.3 ఓల్టు లోపే. చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటును నడిపే రిలేకి కాళ్ల మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ నుంచి వచ్చే వైరు, 87 నుంచి లైటుకు, 86కి స్విచ్చు, 85 ఎర్తుకు. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి 20 సెంటీమీటర్ల లోపే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ముక్కకు ఏ రక్షణా ఉండదు కాబట్టి అది ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. వెలగని లైట్లలో చాలావాటికి కారణం ఎర్తే. రంగు గీకి మెరిసే లోహం దాకా వెళ్లి బిగించి, పైన గ్రీజు పూయండి.

పెద్ద టైర్లు ఊరించేవే, కానీ లెక్క చూడండి. 245/70 ఆర్ 16 వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు, 265/75 ఆర్ 16ది 804. కింద పెరిగే ఎత్తు సగమే, 27 మిల్లీమీటర్లు. గేరింగ్ 7 శాతం బరువెక్కుతుంది (ఇంజిన్‌కు చక్రం తిప్పడం అంత కష్టమవుతుంది), స్పీడోమీటర్ 100 చూపిస్తే అసలు వేగం 107. స్టెప్నీ కూడా అదే సైజుది కొనాలి. స్ప్రింగుల దగ్గర పెట్టే స్పేసర్ దిమ్మలతో ఎత్తు పెంచితే బండి పైకి లేస్తుంది, సస్పెన్షన్ కదిలే దూరం మాత్రం పెరగదు. 50 మిల్లీమీటర్లు దాటితే బ్రేకు గొట్టాల పొడవు, ముందు చక్రాల కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు), చక్రాలకు శక్తి చేర్చే సీవీ జాయింట్ల కోణం అన్నీ మళ్లీ చూసుకోవాలి. తక్కువ ఖర్చులో అయితే మంచి షాకబ్జార్బర్లు వేసి అక్కడితో ఆగండి.

ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ కింద, రాళ్ల దెబ్బ తగలకుండా 3-4 మిల్లీమీటర్ల ఉక్కు స్కిడ్ ప్లేటు వేయిస్తుంటే, ఆయిల్ డ్రెయిన్‌కు ఎదురుగా రంధ్రం పెట్టించండి, బోల్టు తలలు ప్లేటులోకి దిగిపోయేలా చేయించండి, బయటికి పొడుచుకొచ్చిన తలలను రాళ్లు కోసేస్తాయి. మొదటి గతుకుల ప్రయాణం అవగానే బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. బురదలో తిరిగాక ప్లేటు విప్పి కడగండి. దాని మీద ఎండిపోయిన మట్టి వేడిని పోనివ్వదు, ఛాసిస్‌కు తుప్పు పట్టిస్తుంది.