తమ్ముడి సెషన్‌ను స్క్రిప్ట్‌తో మూయడానికి నాలుగు రాత్రులు

ఇంట్లో కంప్యూటర్ ఒకటే, వాడేవాళ్లం ముగ్గురం. అందులో ఉబుంటు లినక్స్, తెర మీద కనిపించేది గ్నోమ్ డెస్క్‌టాప్. తమ్ముడికి లాగౌట్ చేసే అలవాటు లేదు, స్క్రీన్ లాక్ చేసి వెళ్లిపోతాడు. రాత్రి 2 గంటలకు బ్యాకప్ మొదలయ్యేసరికి వాడి ఫైళ్లన్నీ తెరిచే ఉంటాయి. చెప్పి చెప్పి విసిగిపోయి, వాడి సెషన్‌ను, అంటే లాగిన్ అయ్యాక తెరిచి ఉన్నదంతా, మూసే పనేదో స్క్రిప్ట్‌కే (కమాండ్లు రాసి పెట్టుకునే ఫైలు) అప్పజెప్పుదామనుకున్నాను. ఒక్క లైన్ పనే కదా అనుకున్నా.

మొదటి రాత్రి రాసింది నిజంగా ఒక్క లైనే. ప్రోగ్రామ్‌లను ఆపే పీకిల్ కమాండ్, మైనస్ 9, మైనస్ యూ, పక్కన వాడి యూజర్‌నేమ్. సెషన్ టక్కున పోయింది. పొద్దున్నే వాడు, "అక్కా, రాత్రి చివర్లో రాసిన పేరా లేదేంటి?" అన్నాడు. 9 అంటే సిగ్‌కిల్, బలవంతంగా ఆపేసే సంకేతం. సేవ్ చేసుకోవడానికి ప్రోగ్రామ్‌కు క్షణం కూడా ఇవ్వకుండా సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నలే దాన్ని తీసేస్తుంది. వాడి ఫోల్డర్‌లో ఫైల్ తెరిచి ఉందని గుర్తుగా లిబ్రేఆఫీస్ పెట్టుకునే లాక్ ఫైల్ మాత్రం అలాగే పడి ఉంది. తిట్లు తిన్నాను, న్యాయమే.

సరే, మర్యాదగా అడుగుదామని లాగౌట్ చేయించే గ్నోమ్-సెషన్-క్విట్ కమాండ్ పెట్టాను, 'నిజంగానా?' అని అడగని నో-ప్రాంప్ట్ ఆప్షన్‌తో. టెర్మినల్‌లో నా అకౌంట్‌తో చూస్తే చక్కగా లాగౌట్ అయింది. రాత్రి, పెట్టిన టైముకు కమాండ్లు నడిపే క్రాన్‌లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

మూడో రాత్రి పరీక్ష వాడి మీద వద్దని నా అకౌంట్ మీదే పెట్టుకున్నా. ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అయి, లాగిన్‌సీటీఎల్ టెర్మినేట్-యూజర్ అని నా పేరే ఇచ్చాను. డెస్క్‌టాప్ పోయింది. దాంతోపాటు నేను టైప్ చేస్తున్న కనెక్షనూ పోయింది! కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. ఆ కమాండ్ ఆ యూజర్‌కున్న సెషన్లన్నిటినీ మూసేస్తుంది.

మళ్లీ లాగిన్ అయి లిస్ట్-సెషన్స్ చూశాను. నా పేరుతో రెండు వరుసలు. డెస్క్‌టాప్ ఉన్నదానికి సీట్0, అంటే ఆ కంప్యూటర్ స్క్రీన్, కీబోర్డ్ అని ఉంది, ఎస్ఎస్‌హెచ్ దానికి సీటే లేదు. షో-సెషన్‌తో టైప్ అడిగితే ఒకటి వేలాండ్ (డెస్క్‌టాప్ బొమ్మలది), రెండోది టీటీవై (ఒట్టి టెర్మినల్). సెషన్ నంబర్ లాగిన్ అయిన ప్రతిసారీ మారుతుంది కాబట్టి దాన్ని స్క్రిప్ట్‌లో రాసి పెట్టుకుంటే లాభం లేదు. పేరు, టైప్ చూసి అప్పటికప్పుడు వెతికించాలి.

క్రాన్ ఎందుకు పలకలేదో కూడా అప్పుడే తెలిసింది. గ్నోమ్‌తో మాట్లాడాలంటే ఆ యూజర్ డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) అడ్రస్ కావాలి, క్రాన్‌కు అది తెలియదు. రన్ ఫోల్డర్‌లో యూజర్, అందులో వాడి ఐడీ 1001, అందులో బస్ అనే సాకెట్, అదే ఆ అడ్రస్. ఆ దారిని కమాండ్ చదువుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, కమాండ్‌ను రూట్‌గా (అన్ని అధికారాలున్న అకౌంట్) కాకుండా వాడి పేరుతో నడిపితే పలికింది.

ఇప్పుడు స్క్రిప్ట్ 1:45కు లేస్తుంది. ముందు గ్నోమ్‌ను అడుగుతుంది, 5 నిమిషాలు ఆగుతుంది. సేవ్ చేయని ఫైల్‌తో ఏ ప్రోగ్రామైనా మొండికేసి సెషన్ ఇంకా ఉంటే, ఆ ఒక్క నంబర్‌కే టెర్మినేట్-సెషన్ ఇస్తుంది. అప్పుడు సేవ్ కానిది పోతుంది, ఆ సంగతి వాడికి ముందే చెప్పాను.

నాలుగో రాత్రి లాగ్‌లో రెండో అడుగు అవసరం పడలేదు. పొద్దున లాగిన్ స్క్రీన్ చూసి వాడు, "రాత్రి కరెంటు పోయిందా అక్కా?" అన్నాడు.