సొప్రానో గొంతుకు నా చెవి అలవాటుపడిన తీరు

కర్ణాటక సంగీతం నేర్చుకున్న నాకు, పాటలతో నడిచే పాశ్చాత్య సంగీతనాటకమైన ఆపెరాలో సొప్రానోల, అంటే అన్నిటికన్నా పై స్థాయిలో పాడే గాయనుల గానం మొదట్లో శ్రుతి నిలవని పాటలాగే వినిపించేది. స్వరం సెకనుకు ఐదారుసార్లు ఊగుతుంటే, మా గురువుగారు పట్టుబట్టి నేర్పిన నిలకడ ఇందులో ఎక్కడుందా అని వెతుక్కునేదాన్ని.

ఈ అడ్డంకి దాటాలని ఒకే పాటను నెలల తరబడి విన్నాను. 1831లో మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో తొలిసారి ప్రదర్శించిన, ఇటలీ స్వరకర్త బెల్లీని ఆపెరా ‘నోర్మా’లో, నాయిక చంద్రదేవతను వేడుకునే ‘కాస్తా దీవా’ అది. దాన్ని సాధారణంగా ఎఫ్‌లో, అంటే మన నాలుగు శ్రుతిలో పాడతారు కనుక, శ్రుతిపెట్టెను నాలుగుకు పెట్టి స్వరాలు రాసుకుంటూ కూర్చున్నాను. శంకరాభరణం మెట్లమీద సాగే ఆ పాటలో, గాయని తారస్థాయి గాంధారాన్ని మళ్లీ మళ్లీ పలికి, ఒక్కోసారీ బలం పెంచుకుంటూ పోయి చివరికి మధ్యమాన్ని అందుకునే చోటు ఒకటుంది. ఆ ఒక్క చోటునే పదేపదే విన్నాక, ఊగుతున్నది గాంధారానికి అటూ ఇటూ సమానంగానేనని, నడిమి స్వరం ఎక్కడికీ జారడం లేదని తెలిసింది. మన సంగీతంలో స్వరాన్ని ఊపే గమకం రాగం అడిగితే వేసేది. ఈ కంపనం మాత్రం ఊపిరి సాఫీగా నడుస్తున్న గొంతులో తనంతట తానే పుట్టేది. ఇది అర్థమైన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తర్వాత పేరున్న సొప్రానోల గొంతుల మధ్య తేడాలు పట్టుకోవడం మొదలుపెట్టాను. మరియా కాలస్ గొంతులో కింది, నడిమి, పై స్థాయిలు మూడు వేర్వేరు గొంతుల్లా ఉంటాయి, అతుకులు కూడా వినిపిస్తాయి. అయినా మాటలోని వేదన అంత సూటిగా ఇంకెవరి దగ్గరా నాకు దొరకలేదు. ఆమె 1949 జనవరిలో వెనిస్‌లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన భారీ పాత్రనూ, కొద్ది రోజుల తేడాతోనే బెల్లీని రాసిన సున్నితమైన పాత్రనూ పాడింది. జోన్ సదర్లాండ్ గొంతు విశాలం, పైస్థాయిలో నిర్మలం. సాహిత్యం మాత్రం మసకబారుతుంది. నిజానికి స్వరం బాగా పైకి వెళ్లినప్పుడు ఏ సొప్రానో గొంతులోనైనా అచ్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోక తప్పదు.

మోంత్సెరాత్ కబాయే 1974లో ఫ్రాన్స్‌లోని ఓరాంజ్ ఆరుబయట రంగస్థలంపై పాడిన దృశ్యం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఈదురుగాలికి ఆమె దుస్తులు రెపరెపలాడుతుంటాయి. ఆమె మాత్రం కదలకుండా నిలబడి, మైకు సాయం లేకుండా, పై స్వరాన్ని నూలుపోగంత సన్నగా నిలుపుతుంది. గురువుగారు అడిగిన నిలకడ అక్కడ విన్నాను.