ఏడు బై పాతిక

పదకొండున్నరయింది, నిద్ర పట్టట్లేదు. కారణం కాఫీ కాదు, అన్నయ్యగారు.

సాయంత్రం వదినావాళ్ళు వచ్చారు. హాల్లో నేను కొని పెట్టిన ఉప్పాడ పడవ ఫొటో ఫ్రేమ్ చూడగానే ఆయన అడిగిన మొదటి మాట "ఎంత?" చెప్పాను. అంటే, సగం చెప్పాను. మా ఆయనకి ముప్పావు చెప్పి ఉన్నాను కాబట్టి ఆయన టక్కున నావైపు తిరిగారు. "సాఫ్ట్ కాపీ అడిగి తెచ్చుకోవలసింది కదమ్మా, మా కాలనీ ల్యాబ్‌లో మూడొందలకి ఇంతకంటే పెద్దది తీసిచ్చేవాడు, అదీ కలర్లో" అన్నారు అన్నయ్యగారు. కింద పెన్సిల్‌తో రాసిన 7/25 చూసి "ఇవేమిటి, మార్కులా? అయితే ఫెయిలే!" అని నవ్వారు. ఈయనా నవ్వారు. ఒళ్ళు మండింది ఆ రెండో నవ్వుకి.

పాతికకి మించి తీయనని ఫొటోగ్రాఫర్ మాటిచ్చాడని, ఇది ఏడోదని, కాగితం కాటన్‌తో చేసిందని, ఎండ తగలకుండా చూసుకుంటే మనవలు కూడా చూస్తారని ఓపిగ్గా చెప్పాను. ఆయన జంతిక కొరికారు. ఇంకా ఆగకుండా, మన సికింద్రాబాద్‌లో 1880ల్లోనే రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు కొనుక్కుని ఆల్బమ్‌లలో దాచుకునేవారని, అప్పట్లో ఫొటో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవారని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది. వంటింట్లోంచి అత్తయ్యగారు "ఇదీ గుడ్డుదేనా? ఆ గోడకి అవతల దేవుడి గదే కదే!"

అసలు నాకు ఈ పిచ్చి మావయ్య స్టూడియోలో పట్టింది. తాతయ్య పోయిన నాలుగో రోజు, పెద్దకర్మకి ఫొటో కావాలి, ఉన్నదేమో ఎవరిదో పెళ్ళి గ్రూప్ ఫొటో నెగెటివ్, అందులో వెనక వరసలో తాతయ్య, మొహం కందిగింజంత. మావయ్య నన్ను డార్క్‌రూమ్‌లోకి రానిచ్చింది ఆ ఒక్కరోజే. ఎర్రబల్బు, ఫొటోలు కడిగే హైపో మందు వాసన. మొదటి కాగితం కడిగితే మొహం నల్లబడిపోయింది. రెండోదీ అంతే. మూడోసారి ఒక తీగ చివర అట్టముక్క గుచ్చి, నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ వెలుగులో, మొహం మీద వెలుగు తక్కువ పడేలా అడ్డం పెట్టి, సన్నగా వణికిస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ట్రేలో వేసి ఊపితే ముందు కళ్ళజోడు తేలింది, తర్వాత కోటు. మీసం ఏదీ అని నేను వెతుకుతున్నాను. నెరిసిన మీసం కదా, అది కాగితం తెలుపే. మావయ్య కాసేపు ట్రే ఊపడం మర్చిపోయాడు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ నెగెటివ్‌ని సంగీతం రాసిన కాగితంతో, ప్రింటుని కచేరీతో పోల్చేవాడు. 1941లో తీసిన ఒక్క చంద్రోదయం ఫొటోనే దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ కడిగాడు, పోనుపోను ఆకాశాన్ని నలుపు చేస్తూ. ఇది చదివినప్పుడు నాకు మావయ్య అట్టముక్కే గుర్తొచ్చింది.

ఇదంతా అన్నయ్యగారికి మనసులోనే దంచి చెబుతూ పడుకున్నాను. మధ్యలో అనుమానం వచ్చింది. నాది మెషిన్ తీసిన ప్రింటు. ఒకటోదీ పాతికోదీ అచ్చం ఒకటే, ఇరవయ్యారోది తీస్తే కూడా తేడా ఉండదు. ఆ అంకె నాలాంటివాళ్ళ కోసం రాసిందే, నాకు కొంచెం గొప్పగా ఉండటం కోసం. తాతయ్య ఫొటో నిజంగా ఒక్కటే, దానికి అంకె లేదు, మావయ్య వాళ్ళింట్లో ప్లాస్టిక్ దండ వేసుకుని ట్యూబ్‌లైట్ కింద పసుపు పచ్చబడిపోతోంది. దాన్ని మంచి ఫ్రేమ్ కట్టించడానికి నాకు ఇన్నేళ్ళలో చెయ్యి రాలేదు. కాబట్టి అన్నయ్యగారిది పూర్తిగా తప్పు కాదేమో.

అలాగని వెనక్కిచ్చేది లేదు. ఫోన్లో అయితే ఈ పడవని రెండు సెకన్లలో పైకి తోసేసేదాన్ని. గోడ మీదికి వచ్చి అయిదు రోజులైంది, ఇవాళ పొద్దున దుమ్ము తుడుస్తుంటే తడి ఇసకలో కుక్క అడుగులు కనిపించాయి, పడవ దాకా వచ్చి ఆగిపోయాయి. తిరిగి వెళ్ళిన జాడ లేదు. పడవలో పడుకుందేమో.

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూప్ చూశాను. అన్నయ్యగారు వెళ్ళేముందు ఫొటోకి ఫొటో తీసి పెట్టారు, "ఫ్రీ" అని రాసి. అద్దంలో మా ట్యూబ్‌లైటు, ఆయన పొట్ట, పక్కన జంతికల ప్లేటుతో నేను. పడవ మాత్రం కనబడట్లేదు.